కడియం కింది ఎముక

ముప్పై నాలుగేళ్లు సర్కారు దవాఖానల్లో ఎక్స్-రేలు తీశాను. అన్నేళ్లూ నేను చూసినవి ఎముకల నీడలే. ఎముకను చేత్తో పట్టుకున్నది ఒక్కసారి. పోయిన ఏడాది మా ఆవిడ పద్మ చనిపోయిన మూడో రోజు, జనగామ శ్మశానంలో బూడిద మీద పాలు చల్లిన తర్వాత, మా బావమరిది ఒక ముక్క ఏరి నా దోసిట్లో పెట్టాడు. అది తొడ ఎముక పైకొన అని చూడగానే తెలిసింది. చాలా తేలికగా ఉంది. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఏమైనా రాయమని పద్మ చాలాసార్లు అంది. ఆమె బడిలో సైన్సు టీచరు. "ఆర్డర్లు, ప్రమోషన్లు రాయకుండ్రి. గవి ఎవరు సదువుతరు? ఆ కడియం పిల్ల ముచ్చట రాయుండ్రి," అనేది. ఆమె ఉండగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పెరిగే గీత

నా మొదటి ఉద్యోగం మానుకోటలో. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మేమంతా మానుకోట అనే అనేవాళ్లం. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఎక్స్-రే గది పక్కన చీకటి గది ఉండేది. ఫిల్మును మందునీళ్లలో ముంచి, కడిగి, క్లిప్పుకు వేలాడదీసి ఆరబెట్టేవాళ్లం. డాక్టర్లకు తొందరైతే తడి ఫిల్మే పట్టుకుని పరిగెత్తేవాళ్లం.

చేరిన రెండో నెలలో, చెట్టు మీంచి పడిన ఆరేళ్ల పిల్లవాడి మణికట్టు ఫోటో తీశాను. మణికట్టుకు కాస్త పైన ఎముకకు అడ్డంగా నల్లటి గీత కనిపించింది. నీళ్లు కారుతున్న ఫిల్ముతో యాకూబ్ సారు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎముకల డాక్టరు, మాకు పెద్ద.

"సార్, ఇరిగింది."

ఆయన ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూశారు. "రెండో చెయ్యి గూడ తియ్యి."

తీశాను. దాని మీదా అచ్చం అలాంటి గీతే ఉంది.

"ఏమయ్యా, రెండు చేతులు ఒక్క తీరుగ ఇరిగినయా? గది ఇరిగిన గీత కాదు, పెరిగే గీత. పోరడు ఆడికెళ్లే పొడుగైతడు." చుట్టూ ఉన్న నర్సులు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నీకు ఫోటో తీసుడు వచ్చింది. సూసుడు రాలేదు," అన్నారు.

మర్నాటి నుంచి రోజూ ఓపీ అయిపోయాక అరగంట నన్ను కూర్చోబెట్టి పాత ఫిల్ములు చూపించేవారు. అది ఆయన పని కాదు. ఆయన మీద నాకు తీరని కృతజ్ఞత ఉంది.

ఆయన దగ్గర నేర్చుకున్నది సూటిగా చెబుతాను. కడుపులో బిడ్డకు చాలా ఎముకలు మొదట గట్టి ఎముకలుగా ఏర్పడవు. ముందు మెత్తటి రూపం తయారవుతుంది. మీ చెవి పైభాగాన్ని వంచి చూడండి, దాదాపు అలాంటి పదార్థం. దానిలోకి రక్తనాళాలు వచ్చి, సున్నం చేరి, మధ్య నుంచి కొనల వైపు గట్టి ఎముక అవుతూ పోతుంది. మెత్తటి భాగం ఫిల్ము మీద కనిపించదు. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టు ఫోటో తీస్తే ముంజేతి ఎముకలకూ అరచేతి ఎముకలకూ మధ్య ఏమీ లేనట్టు ఉంటుంది. అక్కడి చిన్న ఎముకలు ఆ తర్వాతి ఏళ్లలో ఒకటొకటిగా తేలతాయి.

పొడవాటి ఎముకల కొనల దగ్గర ఒక పలుచటి మెత్తటి పొర మాత్రం ఎదిగే వయసంతా మిగిలి ఉంటుంది. ఒక వైపు కొత్త కణాలు పుడుతుంటాయి, రెండో వైపు పాతవి ఎముకగా మారుతుంటాయి. ఆ పొరే ఫిల్ము మీది నల్ల గీత. యుక్తవయసు చివరికి అది కూడా గట్టిపడి మూసుకుపోతుంది. ఇక ఎత్తు పెరగడం ఉండదు. దెబ్బ తగిలి ఆ పొర ఒక పక్క పాడైతే ఆ పక్క ఎదుగుదల ఆగుతుంది, రెండో పక్క ఆగదు. ఎముక వంగుతుంది. ఒక పక్క ఇటుకలు ఆపి మరో పక్క పేర్చుకుంటూ పోతే గోడ ఏమవుతుందో అదే అవుతుంది.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను.

మొక్కు

కొన్నేళ్లకు భూపాలపల్లి వైపు ఒక చిన్న దవాఖానకు బదిలీ అయింది. వానాకాలం మధ్యలో ఒక రోజు, మొగుళ్లపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక ముసలామె మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. ముసలామె పేరు మల్లవ్వ. పిల్ల పెంటమ్మ, తొమ్మిదేళ్లది. పొలం గట్టు మీంచి దూకితే కుడి చీలమండ మడతపడి వాచింది. ఆ కాలికే వెండి కడియం ఉంది, సరిగ్గా వాపు మీద.

"అవ్వా, కడియం తియ్యాలె. దాని నీడ బొక్క మీద పడ్తది," అన్నాను. మా వైపు ఎముకను బొక్క అంటాం.

"తియ్యరాదు నాయినా."

"వాపుకు ఊడకపోతె కోస్త. మళ్ల అతికిచ్చుకోవచ్చు."

"కోస్తవా!" ఆమె పిల్ల కాలిని తన కొంగుతో కప్పింది. "నువ్వు సదువుకున్నోనివి, జర ఇను. ముగ్గురు పోయినంక బతికిన పిల్ల గిది. పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి, ఆడికెళ్లి ఎత్తుకొచ్చుకున్నం. పేరు గూడ గదే పెట్టినం. సమ్మక్కకు మొక్కి గీ కడియం ఏసిన. పదేండ్లు నిండినంక వచ్చే జాతరల తల్లి ముంగట్నే తీస్త అన్న. గప్పటిదాంక కాలు ఇడువద్దు. కాలు పెరిగినప్పుడల్ల ఔసులాయన ఇంటికొచ్చి జర ఎడం జేస్తడు గని, గాయిన గూడ కాలు ఇడువనియ్యడు."

పెంటమ్మకు మా వాదన పట్టలేదు. "సారూ, ఫోటోల నా మొకం పడ్తదా?" అని అడిగింది.

"లేదు, కాలే పడ్తది."

"గట్లయితె గదేం ఫోటో?"

బయట వరుస పెద్దగా ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. నేను కడియంతోనే ఫోటో తీశాను.

ఫిల్ము మీద కడియం తెల్లటి పట్టీలా పడింది. పెరిగే గీత సరిగ్గా దాని కిందే ఉండాలి. అక్కడ ఏమైందో కనిపించలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు కొత్తవాడు, ఆయన ముందూ పెద్ద వరుస ఉంది. ఫిల్ము ఎత్తి చూసి, "ఏం లేదు, బెణికింది," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కడియం కింద చూడలేదని నాకు తెలుసు. నోరు విప్పలేదు. కట్టు కట్టి పంపారు.

ఆమె మొక్కును గౌరవించానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. వాదించే ఓపిక లేక ఒప్పుకున్నాను. ఆమె చెప్పిన మాటలోనే నాకు దారి ఉంది. ఔసులాయనను, అంటే కంసాలిని, పిలిపించి కడియం ఇంకాస్త ఎడం చేయిస్తే అది పిక్క మీదికి జరిగేది. కాలు విడిచేది కాదు, ఎముక కనిపించేది. ఆమె చెప్పింది, నేను వినలేదు.

రెండు ఫిల్ములు

ఏడాదిన్నర తర్వాత జాతర అయింది. కడియం సమ్మక్క తల్లికి సమర్పించారు. ఆ నెలలోనే పెంటమ్మ మళ్లీ మా దవాఖానకు వచ్చింది. ఈసారి మల్లవ్వతో పాటు పిల్ల తల్లి సరోజన కూడా వచ్చింది. పిల్ల పాదం లోపలికి తిరిగి ఉంది, బయటి అంచు మీద నడుస్తోంది. అప్పటికి యాకూబ్ సారు కూడా బదిలీ మీద అక్కడికి వచ్చి ఉన్నారు.

కొత్త ఫోటో తీశాను. చీలమండ పైన బయటి పక్క నల్ల గీత ఉంది. లోపలి పక్క లేదు, మూసుకుపోయింది. ఎముక ఒరిగింది. సారు పాత ఫిల్ము తెమ్మన్నారు. వెతికి తెచ్చాను. ఆయన రెండూ పక్కపక్కన కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"గిది ఎవరు తీసిండ్రు?"

"నేనే సార్."

ఆయన సరోజన, మల్లవ్వల వైపు తిరిగారు. వరంగల్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలని, ఎదిగే వయసు కాబట్టి ఆలస్యమైన కొద్దీ ఇంకా ఒరుగుతుందని వాళ్లకు చెప్పారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"కడియం తియ్యకపోవుడు పెద్ద తప్పు కాదు. కనవడలేదని చెప్పకపోవుడు తప్పు. కనవడనిదాన్ని ఆ డాక్టరు లేదన్నడు. నువ్వు అననిచ్చినవ్."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

బయట వేపచెట్టు కింద అత్తాకోడళ్లు గొడవ పడుతున్నారు. "నీ మొక్కే నా బిడ్డ కాలు మింగింది," అంటోంది సరోజన. మల్లవ్వ ఎదురు చెప్పడం లేదు. "తల్లికి ఏం తక్కువ జేసిన్నో. మళ్ల జాతరకు పోయి కాళ్లు పట్టుకుంట. అప్పటిదాంక ఏ కోతలు వద్దు," అంటోంది. మళ్లీ జాతర అంటే ఇంకో రెండేళ్లు. అప్పటికి ఆ కాలు ఎంత ఒరిగి ఉంటుందో ఆ రెండు ఫిల్ములు చూసిన నాకు తెలుసు.

ఇంటికి వెళ్లి పద్మతో చెప్పాను. ఆమె పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పెన్ను పక్కన పెట్టింది.

"కనవడలేదని మీకు ఎరుకనే గద. వాళ్లకు చెప్పిండ్రా?"

"లేదు."

"ఆ ముసలామె దేవత కోపమొచ్చిందనుకుంటాంది. కోడలు ముసలామెను అంటాంది. నడుమల మీరు మంచిగున్నరు."

"చెప్తె కొడ్తరేమో."

"కొడితె కొట్టనియ్యుండ్రి. బొక్కలిరిగితె ఫోటో మీరే తీసుకోవచ్చు."

నువ్వు కూడా రమ్మని అడిగాను. రానంది. "నేనొస్తె నా మొకం జూసి వాళ్లు ఊకుంటరు. వాళ్లు అనాల్సింది మీరు పడాలె."

మిరపకాయల వాకిలి

ఆదివారం రెండు ఫిల్ములు కవర్లో పెట్టుకుని బస్సెక్కాను. వాళ్ల వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పెంటమ్మ తండ్రి కొమురయ్య మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. ఫిల్ములను ఎండకు పట్టి, తెల్ల పట్టీని, దాని కింద కనిపించని చోటును, ఇప్పుడు మూసుకుపోయిన గీతను చూపించాను. ఆ రోజు నేను చెప్పవలసిన మాట చెప్పలేదని అన్నాను. చెప్పి ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్లమని, కాలు ఇంతగా ఒరిగి ఉండేది కాదేమోనని అన్నాను.

కొమురయ్య లేచాడు. "గిప్పుడొచ్చి చెప్తున్నవా? ఏడాదిన్నరకు?"

"అవును."

"నీ బిడ్డ కాలైతె గిట్లనే ఊకుందువా?"

అతను నా చేతిలోని ఫిల్ము లాక్కున్నాడు, చింపుతాడనుకున్నాను. ఎండకు పట్టుకుని చూశాడు. ఏం అర్థమైందో, మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

మల్లవ్వ గడప మీద కూర్చుని ఉంది. "అంటె తల్లి కోపం కాదా?"

"కాదవ్వా."

"నా మొక్కు తప్పు కాదా?"

"కాదు. ఔసులాయనతోని కడియం ఎడం జేపిచ్చి పైకి జరిపితె సరిపోతుండె. ఆ దినం నువ్వే చెప్పినవ్. నేను ఇనలే."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్నవా సరోజనా?" అంది. అంతే అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని నెలలు ఆమె లోపల ఏం మోసిందో అప్పుడు నాకు తెలిసింది. కోడలు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

కాసేపటికి మల్లవ్వ ముఖం తుడుచుకుంది. "తప్పు జేసినోనివి నువ్వే తోల్కపో. పెద్ద దవాఖానల నువ్వే దగ్గరుండు. మా పిల్లను సక్కగ నిలవెట్టినంకనే మా వాకిట్ల కూసో."

లోపలి నుంచి పెంటమ్మ అరిచింది. "మళ్ల ఫోటోలేనా? ఈసారన్న మొకం తియ్యుమను."

అతకడం

వరంగల్‌లో ఆపరేషన్ అయింది. ఒరిగిన ఎముకను కోసి, నిటారుగా నిలిపి, తుంటి నుంచి తీసిన చిన్న ఎముక ముక్కను సందులో పెట్టారు. ఇక ముందు ఒరగకుండా మిగిలిన గీతను కూడా ఆపేశారు. సెలవు పెట్టి రెండు రోజులు అక్కడే ఉన్నాను. ఆ తర్వాతి ఫోటోలన్నీ మా దగ్గరే నేనే తీశాను.

మీలో ఎవరైనా ఒకే ఎముక ఫోటోలు ఏడాదిపాటు వరుసగా చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. మొదట కోత స్పష్టంగా నల్లగా ఉంటుంది. కొన్ని వారాలకు దాని చుట్టూ పొగ పట్టినట్టు కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టిన చోట మొదట మెత్తటి కణజాలం, దాని మీద కొత్త ఎముక. పొగ చిక్కబడి తెల్లటి ముద్ద అవుతుంది. అప్పుడు అతికినట్టే, కానీ మొరటుగా ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి తవ్వే కణాలు ఎక్కువైనదాన్ని తీసేస్తాయి, కట్టే కణాలు బరువు పడేచోట గట్టిగా కడతాయి. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక చాలాసార్లు మళ్లీ ఎముకగానే అతుకుతుంది.

"మేము సక్కగ పెడ్తం, గంతే. అతికిచ్చేది పిల్ల ఒళ్లే," అనేవారు యాకూబ్ సారు.

కట్టు తీశాక పెంటమ్మ అడుగు వేయడానికి భయపడింది. మల్లవ్వ ముందు నిలబడి చేతులు చాపి, "రాయే దొరసానీ, నీకు పల్లకి తేవాల్నా?" అని ఎగతాళి చేసి నడిపించింది. అది మంచి వైద్యమే. బరువు పడకపోతే ఎముక పలుచబడుతుంది, నడిస్తే తనను తాను కట్టుకుంటుంది.

కాలు నిటారు అయింది. అయితే రెండో కాలి కన్నా కాస్త పొట్టిగా మిగిలింది. చెప్పు కింద ఒక అట్ట ఎక్కువ వేయించారు. కొంచెం కుంటు ఉండిపోయింది. అది నా వల్ల మిగిలింది. మిగతాది యాకూబ్ సారు, వరంగల్ డాక్టర్లు, మల్లవ్వ, ఆ పిల్ల ఒళ్లు కలిసి దిద్దినదే.

మీకు చెప్పదలచుకున్నవి

కనిపించనిదాన్ని లేదని రాయకండి, రాయనివ్వకండి. ఫలానా చోటు కనిపించలేదని చీటీ మీద రాయండి. డాక్టరు కోప్పడినా రాయండి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఊళ్లో చేరిన వారంలోనే అక్కడి ఔసులాయన ఇల్లు ఎక్కడో కనుక్కునేవాణ్ని. కడియాలు, మెట్టెలు, తండాల అక్కల చేతి గాజులు, వేటినీ కోస్తానని ముందే అనలేదు. "గిది ఎందుకేసుకున్నరు?" అని ముందు అడిగేవాణ్ని. జవాబులో చాలాసార్లు దారి దొరికేది. అది చిన్న పని, ఒక ఐదు నిమిషాలు పడుతుంది. వరుసలో వాళ్లు తిడతారు, తిట్టనివ్వండి.

పెద్దయ్యాక ఎముక మారదని చాలామంది అనుకుంటారు. బతికున్నంత కాలం పాత ఎముక పోతూ కొత్తది వస్తూనే ఉంటుంది. ముట్టు ఆగిన తర్వాత ఆడవాళ్లలో పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ అవుతుంది. పద్మకు నడుం నొప్పి వస్తే నేనే ఫోటో తీశాను. వెన్నుపూసలు పలుచగా కనిపించాయి. డాక్టరు చెప్పిన మాత్రలు వేసుకుంది, రాగిజావ తాగింది, పొద్దుటి ఎండలో జనగామ స్టేషన్ దాకా రోజూ నడిచింది. నన్నూ నడిపించింది. ఒక్క ఎముకా విరగలేదు. చివరకు గుండె ఆగింది కానీ, ఎముకలు ఆమెను చివరి రోజు దాకా నిలబెట్టాయి. వాటికి కూడా నేను రుణపడ్డాను.

పదో రోజు

పద్మ పదో రోజున ఇంటి నిండా చుట్టాలు ఉన్నారు. మధ్యాహ్నం నలభై ఏళ్ల ఆడమనిషి ఒకామె గుమ్మంలో చెప్పులు విడిచింది. ఒక చెప్పు అడుగు మందంగా ఉంది.

"సారూ, గుర్తువట్టినవా?"

"నీ చెప్పును గుర్తువట్టిన పెంటమ్మా."

"ఇప్పటికి గూడ మొకం సూడవు," అంది. ఆ పది రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

మొగుళ్లపల్లిలో పత్తి పండిస్తున్నారట. ఇద్దరు పిల్లలు. మల్లవ్వ పోయి చాలా ఏళ్లయిందట. "సావంగ గూడ నీ ముచ్చట చెప్పింది సారూ. ఆ సారు ఇంటికొచ్చి నిజం చెప్పకపోతె, తల్లి నన్ను శపించిందనుకుంటనే పోదును బిడ్డా, అన్నది. గది నీకు చెప్పాల్నని ఎన్నేండ్ల సంది అనుకుంటున్న. గిట్ల రావలసొచ్చె."

నేను గోడ పక్కన కుర్చీ మీద పెట్టిన పద్మ పటాన్ని చూపించాను. "ఆ దినం నా అంతట నేను రాలేదు పెంటమ్మా. నన్ను పంపింది ఆమె. నేను భయపడితె, పోయి తిట్లు పడి రమ్మన్నది."

పెంటమ్మకు ఈ సంగతి తెలియదు. "గీ అమ్మ మా ఊరికి ఎన్నడు రాలె గద. నేను మొకమే సూడలె," అంది.

లేచి పటం దగ్గరికి నడిచింది. ఒక అడుగు నేలను గట్టిగా తాకింది, రెండోది కొంచెం ఆలస్యంగా తాకింది. చుట్టాల మాటల మధ్య కూడా ఆ చప్పుడు నాకు బాగా వినిపించింది. పటం కింది అంచును రెండు చేతులతో తాకి కళ్లకు అద్దుకుంది. పద్మ ముఖాన్ని చూస్తూ నిలబడింది, రెండు కాళ్ల మీదా బరువు వేసి.

"గీ ఫోటోల మొకం మంచిగ వడ్డది సారూ," అంది.